గుండిగ మీద డ్రమ్ మిషన్

నాకు చెవి ఉందని వాషర్‌మెన్‌పేటలో పేరు. తాత నాటి నుంచి మాది పాత్రల హోల్‌సేల్ కొట్టు. ఇత్తడి బిందె చేతికొస్తే వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, రేకు ఎక్కడ పలచగా ఉందో చెప్పేస్తాను. చెప్పినవాటిలో సగమే నిజమవుతాయని మా ఆవిడ అంటుంది. ఆ సంగతి బజారుకు ఇంకా పొక్కలేదు.

ఆ చెవి మీద నమ్మకంతోనే మొన్న డ్రమ్ మిషన్ కొనడానికి బయలుదేరాను. యాభై అయిదేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో. పాతికేళ్లప్పుడు నేనొక లైట్ మ్యూజిక్ ట్రూపులో ఉండేవాణ్ణి. పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు పాడేవాళ్లం. మా లీడరు సింగపూర్ నుంచి వచ్చిన ఎవరి దగ్గరో ఒక పాత డ్రమ్ మిషన్ సంపాదించాడు. దానికి వరసగా రంగురంగుల మీటలు. నొక్కితే డ్రమ్ములు, గంటలు, చప్పట్లు అన్నీ అందులోంచే వచ్చేవి. నొక్కే పని నాది. అందరికీ వాయించేవాణ్ణని చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు మా ఆవిడ అన్న కూతురి పెళ్లి కుదిరింది. రిసెప్షన్‌లో మీ పాత ట్రూపు వాళ్లు నాలుగు పాటలు పాడాలి మామా, అని ఆ పిల్ల ఊరికే మాటవరసకు అంది. నేను మాత్రం ఆ రోజు నుంచే కాళ్లకు చక్రాలు కట్టుకున్నాను. అప్పటి చప్పుడే, అణువంత తేడా లేకుండా, ఆ మంటపంలో మోగాలి. పాత మిషన్ ఎప్పుడో తుక్కులోకి పోయింది. కానీ దాన్ని పోలినవి ఇప్పుడు కొత్తగా చేస్తున్నారని తెలిసింది.

నాలుగు నెలలు గల్లా దగ్గర కూర్చుని వీడియోలు చూశాను. కుక్కర్ రబ్బరు అడిగినావిడకు ఇడ్లీ పాత్ర చేతిలో పెట్టాను. కంప్యూటర్‌లో దింపుకునే రకం ఉంది మామా, అసలు వస్తువే అక్కర్లేదు, అంది పెళ్లికూతురు. చేత్తో ఎత్తి బరువు చూడలేని సరుకు కొనడం మా ఇంటా వంటా లేదు. కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి అసలు కంపెనీయే చేసిన చిన్నది, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, లోపలంతా కంప్యూటర్ వ్యవహారం. రెండోది వేరేవాళ్లు చేసిన నకలు. పెద్దది, అవే రంగు మీటలు, లోపల పాతకాలపు సర్క్యూట్. దాని మొహం చూడగానే నాకు పాతికేళ్ల వయసు వచ్చేసింది. మ్యూజిక్ షాపాయన నా ప్రశ్నలు పడలేక, రెండూ తీసుకెళ్లి ఆదివారమంతా విని చూసుకోండి, సోమవారం ఒకటి తిరిగి తెచ్చేయండి, అని దణ్ణం పెట్టాడు.

ఆదివారం మూసిన కొట్లోనే విన్నాను. చిన్నదాన్ని గల్లా బల్ల మీద పెట్టాను. శుభ్రంగా ఉంది గానీ ఏదో ఆసుపత్రిలో ఉన్నట్టుంది. పెద్దదానికి బల్ల మీద చోటు చాలక, దాన్నీ స్పీకర్నీ కలిపి బోర్లించి ఉన్న పెద్ద పెళ్లివంటల ఇత్తడి గుండిగ మీద పెట్టి నొక్కాను. గుమ్మ్‌మ్ అని ఎంత నిండుగా మోగిందంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదీ సర్క్యూట్ అంటే, అని మా ఆవిడకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడొక్కతే సరిపోలేదు. ఈ గొప్ప తెలిసిన మనిషి ఇంకొకరు వింటే బాగుండునని తిరువొత్తియూరులో ఉన్న మా బావకు ఫోన్ చేశాను.

బావ అంటే మా ఆవిడ అన్న, పెళ్లికూతురి తండ్రి. మా ట్రూపులో డోలక్ వాయించింది ఆయనే, మిషన్ వచ్చేదాకా. మిషన్ వచ్చిన వారానికే ఇక డోలక్ అక్కర్లేదన్నాడు లీడరు. ఆ మాట ఆయనకు చెప్పే పని నా మీద పెట్టాడు. తిరువొత్తియూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద చెప్పేసి వచ్చాను. రెండేళ్లకు సంబంధం కుదిరి ఆయన చెల్లెల్నే చేసుకున్నాను. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరిచిపోయి ఉంటాడని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

బావ రైలు దిగి వచ్చి, చెప్పులు విప్పి, నా ఉపన్యాసం రెండోసారి మొదలయ్యేలోపే, మిషన్ మోగుతుండగా వంగి గుండిగ మీద అరచెయ్యి ఆనించాడు. గుమ్మ్‌మ్ కాస్తా డుప్ అయింది.

"సుమ్మా, ఊరికే మిషన్ని పొగడతా ఉండావు బావా. మోగేది నీ గుండిగ," అన్నాడు.

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి పైట నోట్లో కుక్కుకుంది. బిందె తట్టి రేకు మందం చెప్పే మొనగాణ్ణి, నా కొట్లో సరుకు మోగుతుంటే పోల్చుకోలేకపోయాను.

పౌరుషం పొడుచుకొచ్చి ఇద్దరినీ మేడ మీది ఇంట్లోకి తీసుకెళ్లాను. అక్కడ పరుపులు తప్ప మోగేవి లేవు. "ఇద్దరూ ఆ గోడవైపు తిరిగి కూచోండి, ఎనక్కి చూడొద్దండి," అని మా ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి మూడుసార్లు వినిపించింది. ఒక్కోసారి వరస మార్చింది. మా పాత మిషన్‌లా మోగేది ఏదో మేం చెప్పాలి. నేను మొదటిసారి పెద్దదాన్ని ఎంచాను, రెండోసారి చిన్నదాన్ని ఎంచాను, మూడోసారి ఇంకోసారి పెట్టమన్నాను. బావ మూడుసార్లూ చిన్నదాన్నే పట్టుకున్నాడు.

"చప్పట్లు ఇను. మన పాతది అదే," అన్నాడు. "నలుగురు ఒకరెనక ఒకరు కొట్టినట్టుండాల. రెండోదాంట్లో ఒక్కడే కొడతా ఉండాడు."

"ఇన్నేళ్లయినాక ఇంత కరెక్ట్‌గా ఎట్టా చెప్తా ఉండావు బావా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"నన్ను రావొద్దన్నాక ఆ సీజనంతా మీ కచ్చేరీలకి వచ్చినా," అన్నాడు ఆయన గోడవైపే చూస్తూ. "మంటపం బయట, వంటోళ్ల పక్కన నిలబడి ఇన్నా. ఒక్కసారన్నా తాళం తప్పతాదేమో అని. తప్పలా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, "అయితే మిషనే వద్దు బావా. రిసెప్షన్‌కి నువ్వే డోలక్ వాయించు," అన్నాను. నాలుగు నెలల పరిశోధనను ఒక్క మాటతో త్యాగం చేశానని ఆ క్షణంలో కూడా నా మీద నాకు కాస్త గొప్పగానే అనిపించింది.

ఆయన వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. అవి పూర్తిగా తెరుచుకోలేదు. "ఈటితో అయ్యే పనా. చిన్నది ఉంచుకో. బిడ్డ పెళ్లి, తాళం సరిగ్గా ఉండాల."

మా ఆవిడ కాఫీ తెచ్చింది. సగం గ్లాసు తాగాను. ఆ తర్వాత, ముప్పయ్యేళ్లు ఆలస్యంగా, "ఆ దినం స్టేషన్లో నేనట్టా చెప్పుండకూడదు బావా," అన్నాను.

"చెప్పమన్నోడు లీడరు. నువ్వేం జేస్తావు," అన్నాడు. కాఫీ పూర్తి చేసి గ్లాసు కింద పెట్టాడు. "కాకపోతే నవ్వతా చెప్పినావు. అదొకటే."

ఆయన్ని రైలెక్కించి వచ్చి, తిరిగి ఇచ్చేయడానికి పెద్ద మిషన్‌ని పెట్టెలో సర్దాను. ఆ స్టేషన్, ఆ ప్లాట్‌ఫారం, ఆయన భుజానికి తగిలించుకున్న డోలక్ సంచి గుర్తొచ్చాయి. నేను నవ్వడం మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.