మాఫీ చెయ్యని మా మేనత్త

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున చాయ్ తాగి, జర నడుం వాలుస్తానని పక్కింటామెతో చెప్పి చాప మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఫోన్ వచ్చేసరికి నేను హనుమకొండలో, కోర్టు ఎదుటి నా టైపింగ్ షాపు షట్టరు ఎత్తుతున్నాను. ఇరవై ఏళ్ళుగా ఊరివాళ్ళ బాధలన్నీ టైపు చేసిన చేతులు ఇవి. సొంత మనిషి గురించి నాలుగు ముక్కలు రాయమంటే మొరాయిస్తున్నాయి.

ఆమె వరంగల్‌లో జంపఖానాలు నేసేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎదుట ఎవరు నిలబడినా భుజం మీద దూది నలుసు ఏరి పారేయందే మాట మొదలుపెట్టేది కాదు. ఒకసారి మగ్గాలు చూడటానికి వచ్చిన పెద్ద ఆఫీసరు భుజం మీదా అలాగే చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగితే, "నిలబడు సారూ, కరుస్తనా?" అంది. ఆయన బుద్ధిగా నిలబడ్డాడు.

పన్నెండేళ్ళ కిందట ఆమె డోర్నకల్‌లో పెళ్ళికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో పడుకున్న మా మామనూ, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు మా బావనూ నరికి చంపారు. చంపింది బయటివాడు కాదు. బావతో పాటు పవర్‌లూమ్ మీద పనిచేసి, వారంలో నాలుగు రోజులు అత్త చేతి అన్నం తిన్నవాడే. బీరువాలోని కాస్త బంగారం కోసం ఆ పని చేశాడు. బావ నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకు సైకిల్ నేర్పినవాడు.

కేసు మూడేళ్ళు నడిచాక కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. తీర్పు వినగానే నేను రెండు కిలోల మిఠాయి కొని, ఆటో ఎక్కి, వాడకట్టంతా పంచుకుంటూ అత్త ఇంటికి పోయాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, ఆ రోజు నా అంత సంతోషంగా ఊళ్ళో ఎవడూ లేడు.

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. చావు కబురు వస్తే, శవం లేచేదాకా ఎవరి మగ్గమూ ఆడదు. నేను వెళ్ళేసరికి అత్త మగ్గం ఆగి ఉంది. ఆమె గడప మీద కూర్చుని ఉంది. నాకు గాబరా పుట్టింది.

"ఎవలు పోయిండ్రత్తా?"

"ఇంక పోలే. పంపుతమంటాండ్రట కదా," అంది.

నా చేతిలో డబ్బా చూసింది. "చావుకు మిఠాయి పంచుతానవారా?"

"వాని చావుకు అత్తా! బావను సంపినోని చావుకు."

"ఎవనిదైతేంది? వాడు కత్తితోని సంపిండు, మీరు కాయితంతోని సంపుతాండ్రు. తీస్కపో అవుతలికి."

నేను ఊరుకోలేదు. నోటికొచ్చినట్టు మాట్లాడాను. నీకు కడుపుకోత లేదా అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. ఆమె మాత్రం లేచి, నా భుజం మీద నలుసు ఏరి, లోపలికి వెళ్ళిపోయింది.

ఉరి ఖాయం కావాలంటే హైకోర్టు ఒప్పుకోవాలి. కొన్నాళ్ళకు అత్త నా షాపుకు వచ్చింది. ఉరి వద్దని తన పేరు మీద ఒక దరఖాస్తు రాయమంది. వాడి వకీలు దాన్ని పై కోర్టుకు ఇస్తానన్నాడట. పళ్ళు కొరుకుతూనే కూర్చున్నాను. ఆమె చెబుతుంటే టైపు చేశాను. ఇలాంటి దరఖాస్తులకు ఒక అచ్చు ఉంటుంది, అది నా వేళ్ళకు కంఠతా వచ్చు. చివర్లో "నేను అతన్ని మనస్ఫూర్తిగా క్షమించాను" అని అలవాటుగా కొట్టేశాను. చదివి వినిపించమంది. ఆ వాక్యం దగ్గర ఆపింది.

"గది ఎవలు జెప్పిండ్రు?"

"అన్నిట్ల గట్లనే రాస్తరత్తా. లేకుంటే జడ్జిగారు పట్టించుకోరు."

"తియ్యి. మాఫీ నేను చెయ్యలే. నా పానం పోయేదాంక చెయ్య. సంపొద్దంటాన, గంతే. గా రెండు ఒక్కటి కాదు."

ఆ వాక్యం తీసేశాను. ఉరి వద్దనేవాళ్ళంతా కోపం చల్లారినవాళ్ళో, పోగొట్టుకున్నది ఏమీ లేనివాళ్ళో అని అప్పటిదాకా నా నమ్మకం. ఈమె నాకంటే ఎక్కువ పోగొట్టుకుంది, నాకంటే ఎక్కువ మండిపోతోంది. అయినా చంపొద్దంటోంది. ఆ రోజు తర్వాత ఉరి కావాలని వాదించడానికి నాకు నోరు రాలేదు.

ఆ కాగితం ఎంత పనిచేసిందో తెలియదు. హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. కన్నతల్లివేనా నువ్వు అని ఆమెను మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. "వాణ్ని తీసేస్తే నేను ఎవని మీద కోపం పెట్టుకోవాలె? గోడ మీదనా? వాడు ఉండాలె. పొద్దున లేవంగనే ఏం జేసిండో యాదికి రావాలె," అనేది.

అలాగని ఆమె దేవతేం కాదు. టీవీ సీరియల్లో కోడలిని సతాయించే అత్తను చూసి, "దీన్ని సంపాలె!" అని అరిచేది. "ఉరి వద్దంటివి కదా అత్తా?" అని ఉడికిస్తే, "ఇది నాటకం రా, సచ్చినా రేపు మళ్ల లేస్తది," అని నా నోరు మూయించేది.

ఆ చంపినవాడి తల్లి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉంటుంది, కూలిపని చేసుకుంటుంది. ఏటా దసరా పోయాక ఒకసారి వచ్చేది. అత్త మంచినీళ్ళు ఇచ్చేది, వేళైతే అన్నం పెట్టేది. ఆమె "మా పిలగాడు..." అని నోరు తెరిస్తే మాత్రం, "వాని ముచ్చట నా ఇంట్ల వద్దు," అనేది. తర్వాత ఆమె బస్సుకు వెళ్ళిపోయేది.

అత్త పోయిన మంగళవారం కూడా వచ్చింది. చివరి చూపుకు వచ్చినవాళ్ళు కొత్త బట్ట కప్పడం మా ఆనవాయితీ. అందరూ కప్పుతున్నారు. ఆమె చీర ఉన్న సంచి పట్టుకుని సందు మొదట్లోనే నిలబడిపోయింది. జనం గుసగుసలాడుతున్నారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చీర ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని అత్త మీద కప్పాం. ఆమె వంగి అత్త చెవి దగ్గర మాట్లాడింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"అక్కా, వాని ముచ్చట చెప్పొద్దంటివి. ఒక్కటి చెప్త. మొన్న జైలుకు ములాఖత్‌కు పోయిన. వానికి తల నెరుస్తాంది."