పదిహేడో పెట్టె

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ పెళ్ళిళ్ళ పేరమ్మ అనేవారు. వేళాకోళానికే అన్నా అబద్ధమేం కాదు. వాన వెలిసిన సాయంత్రం దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళను, అంటే రెక్కల చెదలను పట్టి, రెక్కలు రాలాక ఆడా మగా వేరుచేసి, ఒక్కో జంట చేత తడి రంపపు పొట్టూ చెక్కముక్కా ఉన్న గాజుపెట్టెలో కాపురం పెట్టించడం పద్నాలుగేళ్ళుగా ఆమె ఉద్యోగం. లోకమంతా చెదలకు మందు కొడుతుంటే, ఈవిడ మాత్రం పొట్టు ఆరిపోతుందేమోనని సెలవురోజు కూడా వచ్చి నీళ్ళు చిలకరించి పోయేది.

ఆ ఉసిళ్ళు రెండు జాతులు, దగ్గరి చుట్టాలే. నల్లవి ఎండాకాలం మొదట్లో ఎగిరేవి, పసుపువి చివర్లో. ఒకదాని ముఖం ఒకటి చూసే పనే ఉండేది కాదు. ఈమధ్య ఎండలు తారుమారై రెండూ ఒకే వారంలో బయటికొస్తున్నాయి. మరి వీటికీ వాటికీ జత కుదిరితే పిల్లలు పుడతాయా? అక్కడ పరిశోధన చేసే మేడమ్ మూడేళ్ళుగా పట్టుకు కూర్చున్న ప్రశ్న అదే. నల్ల మగను, పసుపు ఆడను కలిపి పెట్టిన నలభై పెట్టెల్లో ముప్పైతొమ్మిది గొడ్డుపోయాయి. పదిహేడో పెట్టె మాత్రం పిల్లలతో కళకళలాడుతోంది. మేడమ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వారంలో పత్రికకు వ్యాసం పంపించేయాలని కూర్చుంది.

ఆ వారంలోనే ఇంట్లో పేరమ్మ కలిపిచ్చిన కప్పులోకి చూసి కోడలు నవ్వింది. "అత్తయ్యా, ఇది టీయా, పాలా? ఈమధ్య రోజూ ఇంతే."

"అదేంటే, ఇంకా నల్లగానే ఉందిగా!"

కోడలు నవ్వు ఆపేసింది. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, లేత రంగులు మీకు ముదురుగా కనబడుతుంటాయి అన్నాడాయన. ఆపరేషన్ మాట ఆమె చెవికెక్కలేదు. పదిహేడో పెట్టెలో తను వేసిన మగ నిజంగా నల్లదేనా? పసుపుదాన్నే నల్లదనుకుని వేసిందా? అలాగైతే అది వట్టి సొంత జాతి కాపురం, అందులో వింతేముంది?

చెబితే మేడమ్ కష్టం మట్టిపాలు, తన ఉద్యోగం హుళక్కి. చెప్పకపోతే అడిగే నాథుడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యమేసింది. పాపం, మేడమ్ అన్న మాటే గానీ చిన్నపిల్ల, తనను నోరారా అక్కా అని పిలుస్తుంది.

పొద్దున్నే వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. మేడమ్ ముఖం పాలిపోయింది. చెక్క చీలిస్తే గానీ లోపలి జంట, ఆ రాజూ రాణీ, కనబడవు. చీలిస్తే ఆ కాపురం బతకదు. ఇద్దరూ కలిసే చీల్చారు. మేడమ్ సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది.

"రెండూ పసుపువే, అక్కా."

ముఖం చేతుల్లో దాచుకుని పేరమ్మ ఏడ్చింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అంది మేడమ్, కాస్త కోపంగానే.

"లోపలున్న వాటికి తెలుసు కదమ్మా."

మేడమ్‌కు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. వ్యాసం సొరుగులోకి పోయింది. ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో కోడలి పక్కన మేడమ్ కూడా కూర్చుంది.

మరుసటి ఏడు ఆమె కొత్త చూపుతో మళ్ళీ నలభై జంటలూ కట్టింది. కొన్ని నెలలకు ఇరవైమూడో పెట్టెలో, గాజు వారగా, తెల్లటి పిల్లలు నాలుగు కదిలాయి. చెక్క చీల్చి చూద్దామని మేడమ్ ఉలి పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఈ జంటను వేసింది మీరేనా?"

"నేనేనమ్మా. నల్ల మగ, పసుపు ఆడ. చూసే వేశాను."

మేడమ్ ఉలిని సొరుగులో పడేసింది.

"అయితే పొట్టు ఆరనివ్వకండి," అంది.