మూడోసారి పలకని పేరు

నా చిన్నప్పుడు రంగూన్‌లో అహ్లోన్ మిల్లు లైన్లలో ఇంగ్లీషు చదవగల ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ సంగతి నేనూ మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు. కూలీల గదుల వరసని లైన్లు అనేవాళ్ళం. మా నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా కనుక వరస చివర కాస్త పెద్ద గది మాది. విశాఖపట్నంలో ఓడెక్కి రంగం వచ్చినవాళ్ళకి (రంగూన్‌ని మా వాళ్ళు రంగం అనే అంటారు) ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు నాన్న చదివిపెట్టేవాడు. మందు సీసాల మీది ఇంగ్లీషు నేను చదివేదాన్ని. పదేళ్ళకే అంత పెత్తనం దొరికిన మనిషి బాగుపడటం కష్టం.

మిల్లు ఇంజన్ గదిలో ఒక ఐరిష్ ఫిట్టరు ఉండేవాడు. మా వాళ్ళకి తెల్లగా ఉన్నవాడల్లా దొరే కాబట్టి ఆయన ఐరిష్ దొర అయ్యాడు. మోచేతుల దాకా నూనె మరకలు. మిగతా దొరల క్లబ్బు గడప ఆయన తొక్కగా ఎవరూ చూడలేదు. అంతకుముందు సీమలో, అంటే ఇంగ్లండులో, జీతానికి ఫుట్‌బాల్ ఆడేవాడట. ఆటాడితే జీతమిస్తారన్న మాట మా లైన్లలో వారం రోజులు నలిగింది. తర్వాత కథ పెరిగింది. రాజుగారి ఎదుట ఆడాడన్నారు, పెట్టె నిండా బంగారు పతకాలున్నాయన్నారు. ఆయన ఆ మాటలు ఒక్కటీ అనలేదు. తెలుగు రాదు కనుక కాదని చెప్పనూ లేదు. ఇది గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే ఆయన్ని నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టినదాన్ని నేనే.

వానాకాలం మిల్లులో పని పలచబడ్డాక మా కూలీల జట్టు బురదలో ఒట్టికాళ్ళతో ఆడేది. దొర వాళ్ళకి ఆట నేర్పేవాడు. మా చిన్నాన్న గోలు కాసేవాడు. చిన్నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని షికారు తిప్పిన మనిషి, నాకు ప్రాణం. ఆయనకి ఒక్కటే చెడ్డ అలవాటు. చప్పట్లు వినపడితే చాలు, గోలు ఖాళీగా వదిలేసి బంతి వెంట ముందుకు పరిగెత్తేవాడు. ఇన్సేన్ నుంచి రైలు పనివాళ్ళ జట్టు మాతో ఆడటానికి వస్తుందనగా, దొర చిన్నాన్నని తప్పించి, బాయిలర్లో ఊక పోసే బర్మా అతన్ని గోలుకి పెట్టాడు. చిన్నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాకు దొర మీద పగ పుట్టింది. పిల్లలకి పగలుండవంటారు. అన్నవాళ్ళు పిల్లల్ని చూసి ఉండరు.

మూడోనాడు వాన వెలిసింది. బడి నుంచి వస్తుంటే, బాయిలరు గోడ వారన దొర బూట్లు ఎండలో కనపడ్డాయి. లోపల అచ్చు కాగితాలు కుక్కి ఉన్నాయి. తోలు ముడుచుకుపోకుండా, తడి పీల్చుకోవడానికి అలా పెడతారని ఇప్పుడు తెలుసు. కాని మా ఇంట్లో అక్షరం అంటే సరస్వతి. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్ళకద్దుకోకుండా అడుగు వేయనిచ్చేది కాదు అమ్మ. అలాంటి సరస్వతిని ఈయన బూట్లో కుక్కుతాడా అని గబగబా లాగేశాను. పైనవన్నీ రంగం పేపర్లే. అడుగున, కాలి వేళ్ళుండే చోట, మైనపు గుడ్డలో చుట్టి నాలుగు మడతలు పెట్టిన ముక్క ఒకటి దొరికింది.

మైనపు గుడ్డలో చుట్టింది చెత్తకాగితం కాదని పదేళ్ళ పిల్లకి తెలుస్తుంది. నాకు తెలిసింది. తెలిసే విప్పాను. ముందు భక్తిగా కళ్ళకద్దుకుని, తర్వాత చదివాను.

సీమలో ఏదో చిన్న ఊరి పత్రిక అది. కింది డివిజన్లో అట్టడుగున ఉన్న జట్టు ఆరు గోల్స్ తిని ఓడింది. మా దొర పెనాల్టీ తన్ని, బంతిని గోలు మీదుగా జనంలోకి పంపాడు. నాలుగేళ్ళలో ఆయనకది మూడో జట్టు. సీజను అయిపోయింది కనుక వీళ్ళు కూడా ఉంచుకోవటం లేదు. చివర్లో ఇంకొక్క వాక్యం ఉంది. అది నాకు పనికిరాలేదు.

సాయంత్రం అందరూ ఆటకి చేరిన వేళ, బస్తాలు తూచే అరుగెక్కి ఆ కాగితాన్ని తెలుగులో చదివాను. ఆఖరి వాక్యం వదిలేశాను.

"ఒలే, గట్టిగా సదువు! ఎన్ని గోల్సన్నావు?" అన్నాడు చిన్నాన్న.

"ఆరు, చిన్నాన్నా."

"ఓరి నాయనో! అక్కడ తరిమేస్తే వొచ్చి ఇక్కడ మనకి పాఠాలేటి?"

"రాజుగారి ముందట ఆడినాడన్నారు కదేటి?" అన్నాడొక ముసలాయన అమాయకంగా.

"రాజుగారేటి మావా, రాజుగారి గుర్రం కూడా ఈ ఆట సూసుండదు!" అన్నాడు చిన్నాన్న.

అంతా విరగబడి నవ్వారు. అప్పుడే దొర ఇంజన్ గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో కాగితం చూశాడు. లాక్కుంటాడనుకున్నాను, కేకలేస్తాడనుకున్నాను. ఆయన ఇంగ్లీషులో, మొదటి నుంచి మళ్ళీ ఒకసారి వాళ్ళకి చదివి వినిపించమని అడిగాడు. చేతులు కట్టుకుని, తల కాస్త పక్కకి వంచి వింటూ నిలబడ్డాడు.

నేను మళ్ళీ చదివాను. మళ్ళీ ఆ వాక్యం వదిలేశాను. ఈసారి పగతో కాదు. ఇప్పుడు చదివితే ఇందాక దాచానని బయటపడుతుంది. నా ఇంగ్లీషు మీద లైన్లకున్న నమ్మకం పోతుంది. నా పరువు కోసం ఆయన పరువు రెండోసారి తీశాను.

దొర అరుగు దగ్గరికి వచ్చి కాగితం అందుకున్నాడు. నాకొక్కదానికే వినపడేలా, నెమ్మదిగా, "ఇందులో నా పేరు మూడుసార్లు ఉంది, మిస్. నాకు రెండుసార్లే వినపడింది" అన్నాడు.

తెలుగు రాకపోతేనేం, ఎవరి పేరు వాళ్ళకి వినపడుతుంది. పదేళ్ళ పిల్లకి ఆ ఆలోచన రాలేదు.

"ఏటంటున్నాడే?" అన్నాడు చిన్నాన్న.

"బాగా చదివానంటున్నాడు" అన్నాను.

దొర నా మొహం చూశాడు. నేనేం చెప్పి ఉంటానో ఊహించే ఉంటాడు. నన్ను పట్టివ్వాలంటే ఆయనకెంత సేపు? మా నాన్నకి ఇంగ్లీషు వచ్చు. ఆ కాగితం తీసుకెళ్ళి మా గుమ్మంలో నిలబడితే సరిపోయేది. ఆయన దాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆటలో దొర మాట ఎవరూ వినలేదు. గోలు చిన్నాన్నే కాశాడు. మొదటి చప్పట్లకే ముందుకు ఉరికాడు. సగం ఆట అయ్యేసరికి ఇన్సేన్ వాళ్ళవి అయిదు గోల్స్. మా వాళ్ళు పరుగు మాని నడవడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళు గొడుగులు విప్పి ఇళ్ళకి బయల్దేరారు. దొర మాత్రం గీత బయట, మోకాలి లోతు బురదలో, బంతి ఎటుపోతే అటు పరిగెత్తుతూ మా వాళ్ళని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆఖరి ఈల మోగాక నేరుగా చిన్నాన్న దగ్గరికెళ్ళి, తన తువ్వాలు ఇచ్చి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో చిన్నాన్నకి అర్థం కాలేదు. చదివిపెట్టమని, చెప్పిపెట్టమని ఆ రోజు నన్నెవరూ పిలవలేదు. నేను వదిలేసిన వాక్యం నా కళ్ళ ముందు ఆ బురదలో పరిగెత్తింది. అయినా నోరు విప్పలేదు.

వానలు వెనకబట్టాక మిల్లువాళ్ళు ఆయన్ని పొమ్మన్నారు. మౌల్మెయిన్ వైపు ఏదో మిల్లుకి వెళ్ళాడన్నారు.

చిన్నాన్న ఆ తర్వాత ముప్పయ్యేళ్ళ పాటు ప్రతి పెళ్ళిలోనూ ఆ కథ చెప్పాడు. "సీమలో ఆరు గోల్సు తిన్న దొర" అని మొదలుపెట్టి, "మా పాపే కదేటి దొంగని పట్టింది" అని ముగించేవాడు. అందరూ నన్ను చూసి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నిరుడు ఆయన పోయాడు. ఆయనకైనా చెప్పి ఉండాల్సింది.

కాలేజీలో, ఇంట్లో, వీధిలో నేను వాదన వదిలిపెట్టిన సందర్భాలు తక్కువ. నా నోటికి జడిసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే ఎదుటివాళ్ళ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక క్షణం ఆగుతాను. వాళ్ళ పేరు ఎన్నిసార్లు రావాలి, నేనెన్నిసార్లు పలికాను అని లోపల లెక్క చూసుకుంటాను. జనం దాన్ని నిజాయితీ అంటారు. అది సిగ్గు.

ఆ వాక్యాన్ని ఇన్నేళ్ళూ ఇంగ్లీషులోనే మోశాను. వినాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా తెలుగులో చదివి ఆ అరుగు దిగిపోతాను.

"ఓటమి ఖాయమైపోయి, చూసేవాళ్ళు లేచి ఇళ్ళకి పోతున్నా, ఆఖరి ఈల మోగేదాకా పరుగు ఆపనివాడు డోలన్ ఒక్కడే."