ఎల్లమ్మ పాట

మా క్యాంప్ ఏసీకి తెలిసినవి రెండే పనులు: గడ్డకట్టించడం, ఆగిపోవడం. మధ్యలో ఇంకోటి ఉంటుందని దానికెవరూ చెప్పినట్టు లేదు.

దయ్యాల సంగతికొస్తే, నేను బీఎస్సీ ఫిజిక్స్. సెకండ్ క్లాసే, కానీ దయ్యాలను నమ్మకపోవడానికి అది సరిపోతుంది. అందుకే ఇది రాయడం కాస్త ఇబ్బందిగా ఉంది.

ప్రపంచ కప్పు కోసం ఖతార్‌లో స్టేడియాలు లేస్తున్న రోజులు. నేను కాకినాడవాణ్ణి, సైట్ ఆఫీసులో క్లర్కుని. నా గదిలో ఉండే రాజేశం జగిత్యాల దగ్గరివాడు, పరంజాలు కట్టేవాడు.

పని ముగించుకుని వెళ్లిపోతూ ఒక ఫ్రెంచ్ ఇంజనీరు నాకో సీడీ ఇచ్చాడు. వాళ్ల దేశపు పాతతరం గాయకుడు తనే రాసుకుని తనే పాడిన ఆల్బమ్. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. మన గాయకులు మనకోసం పాడతారు. ఈయన తనలో తను అనుకుంటుంటే మనం గుమ్మం అవతల నిలబడి విన్నట్టుంటుంది. ఒక్క ముక్క అర్థం కాదు. ఎవర్నో పోగొట్టుకున్నాడని మాత్రం తెలుస్తుంది.

ఒక పాటలో చరణం చివర 'ఎలేమా' అంటాడు.

"సారూ, గీయన మా ఎల్లమ్మను పిలుస్తుండు!" అని రాజేశం లేచి కూర్చున్నాడు. ఎల్లమ్మ అతని భార్య.

మా ట్యునీషియా సర్వేయర్‌కి ఫ్రెంచ్ వచ్చు. 'ఆమె ప్రేమించింది' అని అర్థమన్నాడు.

"అయితె మా ఎల్లమ్మనే," అని రాజేశం తేల్చేశాడు. అప్పట్నుంచి శుక్రవారం అన్నం తిన్నాక ఆ పాట పెట్టాల్సిందే.

ఆ వేసవిలో ఎల్లమ్మకి జబ్బు చేసింది. కరీంనగర్‌లో ఆస్పత్రిలో చేర్చారు. రాజేశం లీవు అడిగాడు. స్టేడియం అప్పగించాకే అన్నారు మావాళ్లు.

ఒక శుక్రవారం పాట పెడితే చరణం చివర ఆ మాట రాలేదు. గిటారు ఆగలేదు, గొంతే లేదు. సీడీ తుడిచి మళ్లీ పెట్టాను. అదే ఖాళీ. రాజేశం లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటుండగా బావమరిది ఫోను. ఎల్లమ్మ పోయింది.

సాయంత్రానికల్లా లీవు వచ్చింది. ఇలాంటి వాటిల్లో మా కంపెనీ చురుకే.

తర్వాత ఆఫీసు కంప్యూటర్‌లో సర్వేయర్‌కి వినిపించాను. "మాఫీ," అని తల అడ్డంగా ఊపాడు, అరబ్బీలో 'లేదు' అని. అతనికీ ఆ మాట వినపడలేదు. సీడీ మీద గీత పడితే గిటారు కూడా పోవాలి కదా. ఇంతకు మించి నాకు తెలిసింది లేదు, ఇప్పటికీ.

రాజేశం తిరిగొచ్చాక ఇదంతా చెప్పాను. గుండు మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"దయ్యమో గియ్యమో నాకెందుకు సారూ? లీవియ్యనోళ్లు మనుషులే గదా."