అరుగు మీద మిగిలిన ఉప్పు

ఈ రోజు పొద్దున మా అబ్బాయి, మా అల్లుడు కలిసి బోథ్ అవతలి అడవికి బయలుదేరారు. ఈసారి నరకబోయే వెదురును వేలానికి ముందే కళ్లారా చూసుకోవాలట. బస్సు దిగాక అడవిలో నాలుగు రోజుల నడక. ఒక కోడెదూడ విషయంలో మాట పట్టింపు వచ్చి, ఏడాదికి పైగా పలకరింపులు లేని ఈ బావాబామ్మర్దులు మొన్ననే కలిశారు.

అరుగు మీద గొంగళ్లు, గొడ్డలి, కందిలి, బియ్యం, చింతపండు పరిచి మూటలు కట్టడం మొదలుపెట్టారు. అడవికి పోయేవాడి మూట చూస్తే వాడి భయమేమిటో తెలిసిపోతుంది. భైంసాలో నాకు తెలిసిన పత్తి వ్యాపారి ఒకడు తేళ్లకు భయపడి అడవిలోకి నులకమంచం మోయించుకుపోయాడు. మావాళ్ల భయం వేరు.

"బావా, గా ఉప్పు మూట జర ఇటియ్యి," అన్నాడు మా అబ్బాయి.

"చేతికి ఉప్పిస్తే కొట్లాటయితదిర. మొన్ననే గద కలిసినం! గీడ పెడుతున్న, నువ్వే తీస్కో," అంటూ అల్లుడు దాన్ని అరుగు అంచున పెట్టాడు.

అంతలో బస్సు హారన్ వినబడింది. పెట్టినవాడు పెట్టానన్న ధీమాతో, తీయవలసినవాడు తాళ్లు బిగించే తొందరలో, ఇద్దరూ పరుగెత్తారు. నేను ఆ మూటను చూసేసరికి బస్సు ఊరు దాటింది.

"నాలుగు దినాలు సప్పిడి కూడు తింటరు. నువ్వు మర్సినవంటే నువ్వు మర్సినవని మళ్ల మొదలువెడతరు," అని మా ఇంటావిడ సాయంత్రం దాకా పరేషాన్ అవుతూనే ఉంది.

వాళ్లు తిరిగి రాగానే, ఆ మూటను నేనే తీసి లోపల పెట్టి మరచిపోయానని చెప్పదలచుకున్నాను. ఇద్దరూ కలిసి తిట్టడానికి ఇంట్లో ఒక ముసలివాడుండటం మంచిదే. మీరైతే ఏం చెప్పేవారు?