పని ఎక్కడ ఆగిందని అడిగే ఆపా

ఆపా పోయిందని మొన్న శుక్రవారం పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ వచ్చే ఆటోలో ఉన్నాను. మీ ఆఫీసు వాళ్లందరికీ నువ్వే చెప్పమ్మా అంది. పక్కన కూర్చున్న పెద్దావిడ నా మొహం చూసి ఏమైంది బిడ్డా అని అడిగింది. మా ఆఫీసులో ఒకామె అని చెప్పబోయాను. నోట్లోంచి మాత్రం మా అక్క పోయింది అనే వచ్చింది.

మా ఆఫీసు హైవే పక్కన, టైర్ల దుకాణం పైన ఉంటుంది. రైతులు ట్రాక్టర్లు కిరాయికి మాట్లాడుకునే యాప్ తయారుచేస్తాం. ఆపా అంటే ఉర్దూలో అక్క, అందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం. ఆమె మా ఎజైల్ కోచ్. పనిని చిన్న చిన్న ముక్కలుగా చేయించి, చేసినంత వరకు వాడేవాళ్లకు చూపించి, వాళ్ల మాటను బట్టి మార్చుకుంటూ టీములు కలిసి నడిచేలా చూడటం ఆమె ఉద్యోగం. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు అదే చేసింది. పుట్టిన ఊళ్లో ఆఫీసు పెడుతున్నారని విని, అడిగి మరీ ఇక్కడికి వచ్చింది.

ఆమె వచ్చేసరికి మేం రెండుగా చీలి ఉన్నాం. యాప్ రాసే డెవలపర్లు ఒకవైపు, ఊళ్లు తిరిగి రైతులతో, ట్రాక్టర్ ఓనర్లతో మాట్లాడే ఫీల్డ్ వాళ్లు ఇంకోవైపు. వాళ్లు చాయ్ కూడా కలిసి తాగేవాళ్లు కాదు. యాప్‌లో తప్పులు పట్టే టెస్టర్‌ని కాబట్టి రెండువైపుల చిరాకూ నా మీదకే వచ్చేది. పొద్దున నిలబడి చేసుకునే మీటింగ్‌లో ఒక్కొక్కరం నిన్న చేసింది అప్పజెప్పి, పక్కవాళ్లది వినకుండానే కుర్చీల్లోకి పోయేవాళ్లం.

కొన్నాళ్లు చూసి ఒకరోజు ఆపా అంది. "ఏం చేసిన్రో నాకు చెప్పొద్దు. పని ఎక్కడ ఆగిందో చెప్పున్రి జర."

ఆగిందని ఒప్పుకుంటే తప్పు మెడకు చుట్టుకుంటుందని మా భయం. ఆమె తొందరపెట్టలేదు. సోంపు నములుతూ నిలబడింది. మర్నాడూ అదే అడిగింది. మెల్లమెల్లగా నోళ్లు తెరుచుకున్నాయి. ఇద్దరు మెసేజుల్లో కొట్లాడుకుంటుంటే ఒకరి మణికట్టు పట్టుకొని రెండో వాళ్ల కుర్చీ దగ్గరికి తీసుకుపోయేది. "మనిషి గీడనే ఉన్నడు గదా, ఫోన్‌తోని ఏం పని?" అనేది.

అయినా ఒక వానాకాలంలో ఇదంతా కూలిపోయేలా కనిపించింది. ఝరాసంగం దగ్గర ఒక రైతు, భర్త లేని ఆడమనిషి, దుక్కికి మా యాప్‌లో ట్రాక్టర్ మాట్లాడుకుంది. ట్రాక్టర్ రాలేదు. వాన పడింది, చుట్టూ అందరూ విత్తుకున్నారు, ఆమె చేను అట్లాగే ఉండిపోయింది. ఆ ఊళ్లు చూసే, మేం ఫీల్డ్ అన్న అని పిలిచే ఆయన, అక్కడ మాటలు పడి వచ్చి డెవలపర్ల లీడ్ మీద విరుచుకుపడ్డాడు. ఓనర్లను సరిగా చూసుకోనిది మీరేనని లీడ్ తిరిగి అన్నాడు. ఆ గొడవ హైదరాబాద్‌లోని పెద్దాఫీసు దాకా పోయింది. ఫీల్డ్ టీంని తీసేసి ఫోన్ల మీదే పని నడిపిద్దామని పెద్దవాళ్లు ఆలోచన మొదలుపెట్టారు.

ఆపా వాళ్లను కొంచెం ఆగమని అడిగి, మా అందర్నీ ఆటోల్లో ఎక్కించి ఆ చేనుకు తీసుకుపోయింది. ఆ రైతు మమ్మల్ని తిట్టలేదు. ఫోన్ తీసి చూపించింది. "పచ్చగ టిక్కు వడ్డది. వస్తడనుకున్న. గందుకే ఇంకోన్ని అడగలే," అంది. లీడ్ ఆ తెర వైపు చాలాసేపు చూశాడు. రైతు నొక్కగానే టిక్కు పడేలా రాసింది మేమే. ఓనర్ ఒప్పుకున్నాడో లేదో దానికి తెలియదు. ఓనర్లు దుక్కిలో ఉంటే ఫోన్ తెర చూడరని ఫీల్డ్ అన్నకు తెలుసు, కానీ టిక్కు ఎప్పుడు పడుతుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఆ గట్టు మీదే ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆపా దూరంగా పోయి ఆ రైతు పక్కన కూర్చుంది.

తర్వాత ఓనర్‌కు ఫోన్ పోయి, అతను సరే అన్నాకే టిక్కు పడేలా మార్చాం. పెద్దవాళ్ల ముందు దాని గురించి ఆ ఇద్దరే చెప్పారు. ఆపా నోరు తెరవలేదు. ఫీల్డ్ టీం నిలిచింది. ఆ రైతు ఆలస్యంగా కంది వేసింది. పంట అంతంతే వచ్చింది. ఆ సంగతి ఆపా మమ్మల్ని మర్చిపోనివ్వలేదు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున, అందరం చెప్పడం అయ్యాక, ఆమె తన సంగతి చెప్పింది.

"నా పని ఆగేటట్టున్నది. కడుపుల గడ్డ అన్నరు. దవాఖానకు తిరగాలె. గిది మీతోని అయ్యేది కాదు. కని మీరు నా దగ్గర ఏం దాచలే, నేనెట్ల దాస్త?"

ఫీల్డ్ అన్న, దవాఖానకు తోడు ఎవరొస్తారని మెల్లగా అడిగాడు. ఆ రోజు నుంచి మాలో ఎవరో ఒకరం ఆమె వెంట హైదరాబాద్ బస్సెక్కేవాళ్లం.

మీటింగ్ నడిపే పని మాకు వంతులవారీగా అప్పజెప్పింది. ఓపిక ఉన్న రోజు వచ్చి వెనక కూర్చునేది. అలవాటుగా ఆమె వైపు తిరిగి చెప్పబోతే కిటికీలోంచి బయటికి చూసేది. ఒకసారి నాకు కోపం వచ్చి, మా వైపు ఎందుకు చూడవు అని అడిగాను. "నన్ను చూసి చెప్తవేంది బిడ్డా? నీతోని పని చేసేటోల్లు వాండ్లు," అంది. ఆ రోజు మెట్ల మీద కూర్చొని ఏడ్చాను.

చివరిసారి వాళ్ల ఇంటికి పోయినప్పుడు ఆమె దిండుకు ఆనుకొని ఉంది. అంతా మంచిగున్నదని చెప్పాను. నమ్మలేదు. సరేనని, బుకింగ్ రద్దు చేసే దగ్గర మేం తంటాలు పడుతున్న సంగతి చెప్పాను. కళ్లు మూసుకొని మొత్తం విన్నది. సలహా ఏదీ ఇవ్వలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ శుక్రవారమే మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమెను ఖననానికి తీసుకుపోయారు. నేను ఆమె చెల్లెలి పక్కన గుమ్మంలో నిలబడ్డాను. మా ఆఫీసు మగవాళ్లు గల్లీ చివర బెరుకుగా నిలబడి ఉంటే, ఆపా తమ్ముడు పోయి పిలుచుకొచ్చాడు. ఫీల్డ్ అన్న పాడె ముందు కర్ర కింద భుజం పెట్టాడు. నాలుగడుగులు నడిచాక పక్కకు జరిగాడు, ఆ చోట్లోకి లీడ్ వచ్చాడు. తర్వాత అతనూ జరిగాడు, ఇంకెవరో వచ్చారు. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. మూల మలుపులో హైవే మీద లారీలు నిలిచి దారిచ్చాయి. భుజం నుంచి భుజానికి మారుతూ, ఒక్క కుదుపు కూడా లేకుండా, ఆపా మీద కప్పిన ఆకుపచ్చ బట్ట ఎండలో రోడ్డు దాటిపోయింది.