అమ్మ వేసిన నీలం

మా దీవుల్లో పెరిగే పడోక్ కర్రను ఉప్పు కాగితంతో రుద్దితే లేచే ఎర్రటి పొడికి ఒక వాసన ఉంటుంది, మిరియంలా ముక్కు చివర గుచ్చి, ఆ వెంటనే ఎండిన పువ్వులా మెత్తబడే వాసన. మొన్న వేసవిలో మిడిల్ పాయింట్‌లోని మా వరండాలో అమ్మ బల్ల మీది నీలం రంగు నేను గీకుతుంటే, ముప్పై ఏళ్ల తరువాత ఆ వాసన నాకు మళ్లీ తగిలింది. అమ్మ పోయి ఏడాదైంది. ఆ రంగు వేసి నా మనసు విరిచిన సంగతి మాత్రం నేనింకా మరిచిపోలేదు. మరిచిపోవడం నాకు చేతకాదు.

మా చిన్నప్పుడు ఇంట్లో కొత్త సామానంటూ ఏదీ ఉండేది కాదు. బదిలీ అయిన ఆఫీసర్లు ఓడ ఎక్కే ముందు మంచాలూ, కుర్చీలూ, జాలీ బీరువాలూ వరండాలో పెట్టి వచ్చిన ధరకు ఇచ్చేసేవారు. పడోక్ సామాను ఓడ ఎక్కించాలంటే అటవీ శాఖ కాగితాలు బోలెడు కావాలి కదా. అలా మా ఇంటికి చేరిన ప్రతి వస్తువూ కొన్నాళ్లపాటు పాత యజమాని ఇంటి వాసనే వేసేది, ఒకటి కలరా ఉండల వాసన, ఇంకొకటి ఆవనూనె వాసన. ఈ బల్ల అమ్మ పనిచేసిన ఇంజినీరు గారింటిది. కాలొకటి ఊగేది, పైనంతా వేడి గ్లాసుల తెల్లటి చక్రాలు. నాన్న డుంగీ పడవలు బాగుచేసే మనిషి గనక కాలు బిగించి, మిగతా పని పన్నెండేళ్ల నాకు అప్పజెప్పి, చదువుకోవడానికి బల్ల నాదే అన్నాడు.

ఆ వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. ఇంటి కప్పుల మీద చేపలు ఎండుతుంటే, పక్కింటి పిల్లలు పచ్చి మామిడి ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని గవ్వలాటకు పిలుస్తుంటే, నేను పగిలిన గాజు పెంకుతో పాత వార్నీషు గీకుతూ కూర్చునేదాన్ని. "కర్ర ఎటు పారితే అటే రుద్దాల, అడ్డంగా గీకినావంటే మచ్చ పడిపోద్ది బేటీ," అని నాన్న వచ్చినప్పుడల్లా వేలితో తడిమి చూసేవాడు. పగుళ్లలో రంపపు పొట్టూ జిగురూ కలిపి కూరాను. ఊరగాయ జాడీలో స్పిరిట్ పోసి లక్క రేకులు నానబెట్టి, నాన్న పాత లుంగీ గుడ్డలో దూది చుట్టి, చిన్న చిన్న సున్నాలు తిప్పుతూ పూత మీద పూత వేశాను. వాన పట్టిందంటే లక్క తెల్లబడిపోతుందని భయం. వానకు రెండు రోజుల ముందు పూర్తయింది. అందులో నా ముఖం కనిపించింది.

ఆ వారమే మా ఇంట్లో ప్రార్థన కూటం. అమ్మ కజ్జికాయలు వండి, టీ గ్లాసులు బల్ల మీదే పెట్టింది. సంఘ పెద్ద భార్య ఎస్తేరు పెద్దమ్మ పాటల పుస్తకం దించి బల్లను చేత్తో నిమిరింది.

"ఇది ఇంజినీరు మేడమ్ టేబులు గదే సారమ్మా! అక్కడా నువ్వే తుడిసినావు, ఇక్కడా నువ్వే తుడుస్తావు. ఘర్ మారింది గానీ డ్యూటీ మార్నేదు, క్యా?"

గదంతా నవ్వింది. అమ్మ గ్లాసులు అందించింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి, నాన్న డుంగీకి వేయగా మిగిలిన నీలం డబ్బా తెరిచి ఉంది. అమ్మ బల్లకు రెండో పూత వేస్తోంది.

"నా టేబులు పాడుచేసేసినావు!"

అమ్మ బ్రష్ ఆపి నా వైపే చూసింది. "ఇప్పుడు పోల్చుకోమను, చూద్దుం."

రెండు నెలలు అమ్మతో మాట్లాడలేదు. ఆ బల్ల మీద ఒక్క అక్షరం రాయలేదు. దాని మీద అమ్మ చేప కోసింది, క్రిస్మస్‌కి పిండి వత్తింది, ప్రతి ఏడూ మిగిలిన డుంగీ రంగుతో మరో పూత వేసింది. పెద్దయ్యాక కూడా మాటామాటా పెరిగినప్పుడల్లా నేను ఆ బల్ల సంగతే ఎత్తేదాన్ని. ఎప్పటికైనా గీకించి, ఎస్తేరు పెద్దమ్మను పిలిచి, "ఇది నేను చేసిన బల్ల, మా అమ్మ తుడిచింది కాదు," అని ముఖం మీదే అనాలని ముప్పై ఏళ్లు దాచుకున్నాను.

మొన్న వేసవిలో దాన్ని గీకడానికి కూర్చున్నది కొత్త బల్లకు డబ్బులేక కొంత, ఆ పంతం కొంత. రంగు తీసే మందు ఖరీదని మళ్లీ గాజు పెంకే పట్టాను. ఒకచోట రంగులో అమ్మ బ్రష్ వెంట్రుక ఎండిపోయి ఉంది. దాన్నీ గీకేశాను. పదిహేను రోజులకు ఎర్ర కర్ర అద్దంలా మెరిసింది.

మా ఇంట్లో పెట్టిన కూటానికి ఎస్తేరు పెద్దమ్మను మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలామె కూర్చుని, అప్పటిలాగే బల్లను నిమిరింది. నా మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"కొత్తదా అమ్మా? మరి మీ అమ్మ నీలం టేబులు ఏటి చేసీసావు? సారమ్మ ఇల్లంటే ఆ టేబులే గదే."

"ఇంజినీరు గారి టేబులు పెద్దమ్మా ఇది," అన్నాను.

"ఏ ఇంజినీరు?" అందామె.

ఆ రోజు గదంతా నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఎవరు ఏమన్నారో తేదీలతో సహా గుర్తుంచుకునే నేను, ఇదొక్కటి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాడు బ్రష్ ఆపి అమ్మ చూసింది పెద్దమ్మ ఇంటి వైపు కాదు, నా వైపు.

అందరూ వెళ్లాక వరండాలోకి వెళ్లాను. చీపురుతో పెరట్లోకి తోసిన నీలం పెళ్లలు ఎక్కడైనా మిగిలాయేమోనని వంగి వెతికాను. అప్పటికే మూడు రోజులుగా వాన.